240జెడ్‌లో వీ8 పెట్టాక వెనక ధన్‌మని కొడుతుంటే

మీ 1972 డాట్సన్ 240జెడ్ కారులో ఎల్‌ఎస్1 (జనరల్ మోటార్స్ వీ8 ఇంజన్) ఎక్కించాక క్లచ్ వదలగానే వెనక ధన్‌మంటోందన్నారు కదా, మొదట డిఫరెన్షియల్ (ఇంజన్ శక్తిని వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె, క్లుప్తంగా డిఫ్) ముందు మౌంట్, అంటే దాన్ని బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ చూడండి. బండిని స్టాండ్ల మీద నిలిపి, డిఫ్ ముక్కును (ముందు కొసను) కడ్డీతో పైకి ఎత్తండి. రబ్బరు రెండుగా విడిపోతే దొంగ దొరికినట్టే. యాక్సిలరేటర్ తొక్కితే ఆ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి అదే రకం రబ్బరు కొత్తది వేసినా మళ్లీ చిరుగుతుంది. పైనుంచి అదిమిపట్టే మౌంట్ వేయించండి.

మీ బండిలోని ఆర్180 రకం డిఫ్ ఈ టార్క్‌కు (ఇంజన్ తిప్పే బలానికి) ఎక్కువకాలం ఆగదు. ఇదే వరసలో తర్వాత వచ్చిన 280జెడ్ నుంచి ఇంకా పెద్దదైన ఆర్200 తెచ్చుకోండి, దాని మస్టాష్ బార్‌తో (డిఫ్‌ను వెనకనుంచి పట్టి ఉంచే అడ్డ పట్టీతో) సహా. పాత బార్‌కు బోల్టులు కలవవు. డిఫ్ గేర్ల నిష్పత్తి (రేషియో) 3.54 చాలు, ఈ ఇంజన్‌కు 3.9 అయితే మొదటి గేర్ దండగ. గేర్‌బాక్స్ నుంచి డిఫ్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కొలత డిఫ్ బిగించాకే తీయండి.

చాలామంది మరిచేది స్టబ్ యాక్సిళ్లు, అంటే చక్రం బిగించే పొట్టి ఇరుసులు. మీవి 25 స్ప్లైన్లవి (ఇరుసు మీది పళ్లు); 280జెడ్‌వి 27, లావు కూడా. అవి వేస్తే వాటి నట్లు మాత్రం కొత్తవే వాడండి. డిఫ్ నుంచి చక్రాలకు వెళ్లే షాఫ్టులను సీవీ (వంగినా సమవేగంతో తిరిగే) జాయింట్ల రకానికి మారిస్తే స్ప్రింగులు తీసేసి చక్రాన్ని కిందినుంచి పైదాకా కదిపి చూడండి: ఎక్కడైనా జాయింట్ లోపలికి పూర్తిగా దిగి తగిలితే షాఫ్ట్ పొడవు ఎక్కువైనట్టు. అలాగే నడిపితే డిఫ్ బేరింగులు పోతాయి.