నాన్న కొట్టిన మందు కొడుక్కి తగులుతుందా?

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. నాన్న ముప్పై ఏళ్లు పొగాకుకీ మిర్చికీ మందులు కొట్టారు. పదేళ్లుగా నేను కొడుతున్నాను. పెళ్లయి నాలుగేళ్లు, పిల్లల్లేరు. వీర్యపరీక్షలో మిల్లీలీటరుకు 90 లక్షల కణాలే ఉన్నాయన్నారు. నాన్న విషం నాకొచ్చిందా? నా నుంచి నా బిడ్డకూ పోతుందా? – ఒక రైతు

జవాబు: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దు మిల్లీలీటరుకు 1.6 కోట్లు. మీది తక్కువే కానీ, ఒక్క పరీక్షతో తేల్చకూడదు. మధ్యలో గట్టి జ్వరం వచ్చినా రెండు, మూడు నెలలు సంఖ్య పడిపోతుంది. రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా ఉండి, నమూనాను గంటలోపు శరీర వేడి తగ్గకుండా ల్యాబ్‌కు చేర్చి మళ్లీ చేయించండి. వృషణాల సిరలు ఉబ్బాయేమో డాక్టరు చేత్తో చూడాలి. ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ల పరీక్షలు కూడా కావాలి. బలానికని ఎవరైనా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఇస్తామంటే వద్దనండి, ఉన్న కణాలూ ఆగిపోతాయి. మీ భార్య పరీక్షలూ అప్పుడే జరగాలి.

ఇక నాన్నగారి సంగతి. మీ కౌంటు ఆయన కొట్టిన మందు వల్లే తగ్గిందని చెప్పగల పరీక్ష ఏదీ లేదు. తరాల మాట ఎక్కువగా ఎలుకల్లో తేలింది. 2005లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చూలు ఎలుకలకు విన్‌క్లోజొలిన్ అనే శిలీంద్రనాశిని ఇస్తే, నాలుగో తరం మగ ఎలుకల దాకా వీర్యం తగ్గింది. అయితే ఆ మోతాదు చాలా పెద్దది. మనుషుల్లో గట్టి ఆధారం ఇటలీలోని సెవెసో నుంచి ఉంది. 1976లో అక్కడ ఫ్యాక్టరీ నుంచి డయాక్సిన్ అనే విషరసాయనం వెలువడింది. చిన్నతనంలో దాని బారిన పడిన అబ్బాయిల్లోనూ, బారిన పడిన తల్లుల పాలు తాగిన కొడుకుల్లోనూ పెద్దయ్యాక వీర్యకణాలు తక్కువగా కనిపించాయి. కడుపులోని మగబిడ్డకు వృషణాలు ఏర్పడేది గర్భం తొలి మూడు నెలల్లోనే. అందుకే నాన్న గతం కంటే మీ ఇంట్లో రాబోయే గర్భం గురించే నాకు ఎక్కువ ఆందోళన.

వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, బయటికి రావడానికి మరికొన్ని రోజులు. కనీసం మూడు నెలలు మందు కొట్టడం వేరేవాళ్లకు అప్పగించండి. కుదరకపోతే ఇవి తప్పవు:

వీపున తగిలించుకునే డబ్బాలో నీళ్లలో కలిపే ముందు చిక్కటి మందే ఎక్కువ ప్రమాదం. నైట్రైల్ రబ్బరు చేతొడుగులు వేసుకుని, కొలత గ్లాసుతో పోయాలి, చేత్తో కలపకూడదు. డబ్బా వాషరు పోతే మందు వీపు మీద నుంచి నడుముకు, అక్కణ్ణుంచి గజ్జల్లోకి కారుతుంది. పారాథియాన్ అనే పురుగుమందుతో చేసిన పరీక్షలో వృషణాల చర్మం ముంజేతి చర్మం కంటే పదింతలకు మించి పీల్చింది! మిర్చి సాలుల్లో లుంగీ ఎగగట్టి నడిస్తే తడి ఆకులు తొడలకు రాసుకుంటాయి. ఫుల్ ప్యాంటు, నడుముకు ప్లాస్టిక్ ఏప్రాన్ కట్టుకోండి. నాజిల్ మూసుకుంటే నోటితో ఊదకండి. పని అవగానే సబ్బుతో స్నానం చేయండి. ఆ బట్టలు మీరే వేరుగా ఉతకాలి, గర్భిణి ముట్టకూడదు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ వేడిలో గంటల తరబడి ఉండటమూ ఈ మూడు నెలలు మానండి. వృషణాలు ఒంటి వేడి కంటే రెండు, మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే పనిచేస్తాయి.

ప్రశ్న: మా ఆయన నెల్లూరులో పాత బ్యాటరీలు విప్పే చోట పనిచేస్తారు. ఏడాదిన్నర బాబున్నాడు, ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నాం. సీసం వల్ల ఇబ్బందా?

జవాబు: అవును. సీసం వీర్యాన్ని దెబ్బతీస్తుంది, ఎముకల్లో దశాబ్దాలు నిలుస్తుంది. మీ ముగ్గురూ రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే మూలం వెతికి ఆపాలి. బిడ్డ కోసం ప్రయత్నించేది మీ ఆయన ఆ పని మానాక, మళ్లీ పరీక్షలో సంఖ్య దిగాకే. ఈలోగా ఆయన అక్కడే స్నానం చేసి, బట్టలూ చెప్పులూ అక్కడే మార్చుకుని రావాలి. ఇంట్లో పొడిగా ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. బాబు చేతులు అన్నం పెట్టే ముందు ప్రతిసారీ కడగండి.