భూకంపమా, బాంబా: గీతలు చూసి ఎలా చెప్తారు?

ఉత్తర కొరియాలో పేలింది బాంబేనని హైదరాబాద్‌లో కూర్చుని, ఫ్రీగా దొరికే సీస్మోగ్రాఫ్ డేటాతో (నేల కదలికని గీతలుగా గీసే పరికరం రికార్డులు) మనమే తేల్చుకోగలమా అని ఒకరు అడిగారు. తేల్చుకోవచ్చు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ ప్రాజెక్టుకి నేను చేసింది ఇదే. మొదటిసారి తప్పు చెప్పాననుకోండి.

తీసుకున్నది ఉత్తర కొరియాలో 2017 సెప్టెంబర్ 3 నాటి అణు పేలుడు. మన టైమ్ పొద్దున 9 గంటలు, కానీ డేటా అంతా యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయం) ఉంటుంది కాబట్టి 03:30 దగ్గర వెతకాలి (ఇది మర్చిపోయి ఒక పూట పోగొట్టుకున్నాను). పేలుడు జరిగిన పుంగ్యేరి మనకి దాదాపు 5,500 కిలోమీటర్లు. పీ తరంగం (భూమిలో అన్నిటికంటే వేగంగా వెళ్లి ముందుగా చేరేది) ఇక్కడికి చేరడానికి తొమ్మిది నిమిషాలు, ఒక ఇరానీ చాయ్ తాగేంత సేపు. నేను మాత్రం 370 కిలోమీటర్ల దూరంలోని చైనా స్టేషన్ ముదన్‌జియాంగ్ రికార్డు దించుకున్నాను.

భూకంపంలో రాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పక్కకి జారతాయి, అందుకే ఎస్ తరంగాలు (పీ వెనకాల నెమ్మదిగా వచ్చేవి) బలంగా వస్తాయి. బాంబు అన్ని వైపులకీ ఒకేలా నెడుతుంది, పీ బలంగా ఉంటుంది. పుస్తకంలో ఇంతే. నేను ఫైలు తెరిస్తే ముందు చిన్న సూదిలాంటి పీ, నిమిషం తర్వాత, ఎస్ రావాల్సిన చోట, పెద్ద బొజ్జ. "భూకంపమే సార్" అన్నాను. గైడ్ స్క్రీన్ వైపు ఒకసారి చూసి, "ఫిల్టర్ పెట్టావా?" అన్నారు. 4 హెర్ట్జ్ కింద ఉన్నదంతా, అంటే సెకనుకి నాలుగుసార్ల కంటే నెమ్మదిగా ఊగేదంతా తీసేస్తే బొజ్జ కరిగిపోయి, పీ ఒక్కటే తాటిచెట్టులా నిలబడింది. మామూలు చిన్న భూకంపానికి అదే ఫిల్టర్ పెడితే వెనకాల ఎస్ అలాగే ఉంది. అక్కడితో అనుమానం తీరింది.

అదే రికార్డులో ఇంకో ఎనిమిదిన్నర నిమిషాలు ముందుకి జరపండి. 4.1 తీవ్రతతో మరో ప్రకంపన కనిపిస్తుంది. పేలుడుకి ఏర్పడిన ఖాళీ కూలడం వల్ల అది వచ్చిందని చాలామంది అభిప్రాయం.

బాంబు శక్తి ఎంతో చెప్పే కిలోటన్నుల లెక్క జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి. అదే బాంబు గట్టి రాతిలో పెద్దగా, పొడి వదులు నేలలో చిన్నగా నమోదవుతుంది. లోతు సంగతి సరేసరి. 1998 పోఖ్రాన్ పేలుళ్ల శక్తి మీద మనవాళ్ల లెక్కకీ విదేశీ శాస్త్రవేత్తల లెక్కకీ పొంతన కుదరలేదు.

చేయి తిరగాలంటే 2013 ఫిబ్రవరి 12, 2016 జనవరి 6 నాటి ఉత్తర కొరియా అణు పేలుళ్ల రికార్డులు తీసుకోండి. రెండూ 5.1 తీవ్రత, ఒకే కొండ ప్రాంతం, ఒకే స్టేషన్. ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి, కవలపిల్లల్లా ఉంటాయి.