టెక్ సందేహాలు: ప్రోగ్రామ్ ల్యాబ్‌లో, విండో ఇంట్లో

ప్రశ్న: ఎం.టెక్ చదువుతున్నాను. ప్రాజెక్టు పనంతా కాలేజీ ల్యాబ్‌లోని లైనక్స్ సిస్టమ్‌లో ఉంది. సెలవులకు ఇంటికొచ్చి, విండోస్ ల్యాప్‌టాప్ నుంచి పుట్టీతో (దూరంగా ఉన్న సిస్టమ్‌లోకి వెళ్లి కమాండ్లు కొట్టే ప్రోగ్రామ్) లాగిన్ అవుతున్నాను. కమాండ్లన్నీ పనిచేస్తున్నాయి. గ్రాఫ్ గీయమంటే మాత్రం ‘కెనాట్ ఓపెన్ డిస్‌ప్లే’ అంటోంది. రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: కంగారు పడకండి, మీ ప్రోగ్రామ్ బాగానే ఉంది. బొమ్మ గీయడానికి తెర దొరకలేదని చెబుతోంది, అంతే.

లైనక్స్‌లో విండోలు గీసే పనిని చాలాకాలంగా చూస్తున్నది ఎక్స్ విండో సిస్టమ్. 1984లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఇప్పటికీ వాడుకలో ఉన్న 11వ వెర్షన్ 1987లో వచ్చింది. ప్రోగ్రామ్ ఒకచోట నడుస్తుంటే దాని విండో ఇంకోచోట కనిపించేలా దీన్ని మొదటినుంచీ కట్టారు. చాలామంది తికమకపడేది ఒక్కచోటే. సర్వర్ అంటే ఎక్కడో దూరంగా ఉండే పెద్ద మెషిన్ అని మనకు అలవాటు. ఎక్స్‌లో మాత్రం తెర, కీబోర్డు, మౌస్ ఎక్కడుంటే సర్వర్ అక్కడే. అంటే ఎక్స్ సర్వర్ మీ ల్యాప్‌టాప్‌లో ఉండాలి. పుట్టీతో పాటు అది రాదు.

ఎక్స్ సర్వర్‌గా పనిచేసే వీసీఎక్స్‌సర్వ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసి, ముందు దాన్ని స్టార్ట్ చేయండి. తర్వాత పుట్టీలో కనెక్షన్, ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు మెషిన్‌తో భద్రంగా కలిపే పద్ధతి), ఎక్స్11 అని వరసగా వెళ్లి ‘ఎనేబుల్ ఎక్స్11 ఫార్వార్డింగ్’ దగ్గర టిక్ పెట్టి, కొత్తగా లాగిన్ అవ్వండి. వెంటనే గ్రాఫ్ జోలికి పోవద్దు. ముందు ‘ఎక్స్‌క్లాక్’ అని కొట్టండి. అది ల్యాబ్ సిస్టమ్‌లో ఉంటే, ముళ్లున్న చిన్న గడియారం మీ డెస్క్‌టాప్ మీదికి వస్తుంది. అది కనిపించిందంటే దారి పడినట్టే. రాకపోతే ల్యాబ్ సిస్టమ్‌లో ‘ఎక్స్11 ఫార్వార్డింగ్’ సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో, ‘ఎక్స్ఆథ్’ ప్యాకేజీ ఉందో లేదో అడ్మిన్‌ను అడగండి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. ఎవరైనా మీ తెరకు కలవొచ్చని తలుపు తెరిచే ‘ఎక్స్‌హోస్ట్ ప్లస్’ కమాండ్ కొడితే చాలని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. వీసీఎక్స్‌సర్వ్ స్టార్ట్ చేసేటప్పుడు ‘డిజేబుల్ యాక్సెస్ కంట్రోల్’ దగ్గరా టిక్ పెట్టొద్దు. అలా చేస్తే మీ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు మీ తెరను చూడొచ్చు, మీరు టైప్ చేసే పాస్‌వర్డులనూ పట్టుకోవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ దారిలో వస్తుంటే వీటి అవసరమే లేదు.

గడియారం వచ్చినా మెనూలు నత్తనడక నడవొచ్చు. నెట్ స్పీడు పెంచినా ఇది పెద్దగా మారదు. ఒక్క మెనూ తెరుచుకోవడానికి రెండు మెషిన్ల మధ్య మాటలు పదేపదే అటూ ఇటూ తిరగాలి. ఒక్క రానుపోనుకు 80 మిల్లీసెకన్లు పడితే, 50 సార్లకు 4 సెకన్లు. పైగా మధ్యలో కరెంటు పోయి వైఫై ఆగితే విండోతో పాటు ప్రోగ్రామ్ కూడా చచ్చిపోతుంది. మూడు గంటలుగా నడుస్తున్న లెక్క అలా పోతే ఎంత ఏడుపొస్తుందో నాకు తెలుసు. అందుకే మీకు నా అసలు సలహా ఎక్స్‌ప్రా అనే ప్రోగ్రామ్. రెండు వైపులా ఇన్‌స్టాల్ చేయాలి. ప్రోగ్రామ్ ల్యాబ్‌లోని ఎక్స్‌ప్రా దగ్గరే నడుస్తుంది, మీకు దాని విండో మాత్రం వస్తుంది. లైన్ తెగినా అక్కడి పని ఆగదు. మళ్లీ కలిస్తే వదిలిన చోటే దొరుకుతుంది.

ప్రశ్న: అమెరికాలో ఉంటాను. గుంటూరులో అమ్మానాన్నల కంప్యూటర్‌ను ఇక్కడినుంచి సరిచేయాలంటే? దూరం నుంచి కంప్యూటర్ నడిపే విండోస్ సదుపాయం రిమోట్ డెస్క్‌టాప్ కుదరడం లేదు.

జవాబు: అక్కడ ఉన్నది విండోస్ హోమ్ ఎడిషన్ అయి ఉంటుంది. బయటినుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో రావడానికి అది ఒప్పుకోదు, ప్రో ఉండాలి. మీ పనికి, దూరం నుంచి సాయం చేయడానికున్న విండోస్ ప్రోగ్రామ్ క్విక్ అసిస్ట్ చాలు. మీరు కోడ్ తీసి ఫోన్‌లో చెబితే, వాళ్లు దాన్ని టైప్ చేసి అనుమతి ఇస్తారు. మన గొంతు తప్ప ఇంకెవరు ఫోన్ చేసి కోడ్ కొట్టమన్నా, బ్యాంకు నుంచి అన్నా సరే, ఫోన్ పెట్టేయమని నాన్నగారికి ఈరోజే చెప్పండి.