బుహోమా వెళ్తున్న బుజ్జికి

బుజ్జీ,

జులైలో మీ ఇద్దరూ ఉగాండా వెళ్తున్నారని, బ్విండి అడవి అంచున బుహోమాలో ఊరివాళ్ళు నడిపే క్యాంపులో రెండు రాత్రులు బుక్ చేశారని మీ అమ్మ చెప్పింది. కంపాలాలో పదకొండేళ్ళు కాపురం చేసినదాన్ని, ఆ క్యాంపులో రెండుసార్లు ఉన్నదాన్ని. నువ్వు అడక్కపోయినా రాసేదాన్నే.

ముందు ఆ అడవిలో గొరిల్లాలని చూడటానికిచ్చే పర్మిట్ తీసి చూడు. దానిమీద ఏ సెక్టార్ అని ఉంది? బ్విండికి బుహోమా, రుహిజా, రుషాగా, న్‌కురింగో అని నాలుగు వైపులున్నాయి. మాకు తెలిసినవాళ్ళు గది బుహోమాలో తీసుకుని, పర్మిట్ రుషాగాకి కొన్నారు. మ్యాపులో పక్కపక్కనే కనిపిస్తాయి కానీ కొండల దారిలో గంటల ప్రయాణం. పాపం, అర్ధరాత్రి లేచి పరుగెత్తారు. మనిషికి 800 డాలర్లు పెట్టి కొన్నది, ఆ రోజు పోతే పోయినట్టే.

ఎల్లో ఫీవర్ టీకా బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం అనే సర్కారు టీకా కేంద్రంలో వేస్తారు. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టుతోపాటే ఉంచు. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు. లేదంటే ఆరు రోజుల దాకా క్వారంటైన్. మలేరియా మాత్రల సంగతి డాక్టర్నే అడుగు, నన్నడక్కు.

కంపాలా నుంచి బుహోమాకి ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది, చివర్లో ఒళ్ళు హూనమవుతుంది. పొద్దున్నే బయల్దేరండి.

ఇక అసలు విషయం. అది హోటల్ కాదమ్మా. ఊరి సంఘం నడిపేది. వచ్చిన డబ్బు బడికీ, నీళ్ళకీ, ఊరి పనులకీ పోతుంది. వడ్డించే అమ్మాయి, సామాను మోసే కుర్రాడు, అందరూ ఆ చుట్టుపక్కల వాళ్ళే. పక్కా కస్టమర్‌లాగా బెల్లు కొడితే వచ్చేస్తారనుకుంటే నీకే చిరాకు. చుట్టాలింటికి వెళ్ళినట్టు వెళ్ళు. వేడినీళ్ళు ఎప్పుడు కావాలో ముందే చెప్పు. సాయంత్రం ఏం తింటారో మధ్యాహ్నమే చెప్పు. మాంసం తినమంటే "చికెన్ పర్లేదు కదా" అంటారేమో, నవ్వుతూ మళ్ళీ చెప్పు.

నేను చేసిన తెలివితక్కువ పని విను. మొదటిసారి మీ పెదనాన్న అన్నం లేనిదే ఉండలేరని రైస్ కుక్కర్ మోసుకెళ్ళాను. చీకటి పడగానే ప్లగ్ పెట్టి స్విచ్ వేశాను. టప్పుమంది. మా గదితోపాటు ఆ వరస గదులన్నింటిలో లైట్లు పోయాయి. పక్క గదిలో తెల్లాయన ఏదో గొణుక్కుంటున్నాడు. నేను కుక్కర్ని చీర కొంగు కింద దాచుకుని నిలబడ్డాను, దొంగలాగా. కాసేపటికి ఓ కుర్రాడు టార్చి పట్టుకుని వచ్చాడు. కొంగు వైపు ఓసారి చూసి, "మామా, ఆ బియ్యం నాకివ్వండి" అన్నాడు. అక్కడ పెద్దామెని మామా అంటారులే. వాళ్ళ వంటింట్లో బొగ్గుల కుంపటి మీద వండి, ఓ గిన్నెలో వేసి తెచ్చాడు. దాంతోపాటు వేరుశనగ పప్పు నూరి కాచిన చారు. గులాబీ రంగులో ఉంటుంది, చూసి భయపడకు. ఆ రోజు నుంచి మీ పెదనాన్న నన్ను కుక్కర్ మహారాణి అనేవారు.

కాబట్టి కుక్కరూ కెటిలూ వద్దు, ఆవకాయ చిన్న సీసా చాలు. వాళ్ళ వంటలో కారం దాదాపు ఉండదు. అరటికాయల్ని ఆకుల్లో చుట్టి ఉడికించి మెత్తగా మెదిపేది మతోకే. 'డోడో' అంటే బెదరకు, మన తోటకూరే. చిలగడదుంపలు, బీన్స్ పుష్కలంగా ఉంటాయి. చపాతీ కూడా దొరుకుతుంది, మనవాళ్ళు ఎప్పుడో తీసుకెళ్ళిందే.

అడవిలోకి వెళ్ళే రోజు ప్యాంటు సాక్సుల్లోకి దోపుకో, చీమలు పైకి పాకుతాయి. దురదగొండి లాంటి మొక్కలుంటాయి, తోటపని గ్లవ్స్ తీసుకెళ్ళు. జులై కాస్త పొడిగా ఉండే కాలమే అయినా రెయిన్‌కోటు వద్దనుకోకు. చూసేవాళ్ళు గుంపుకి ఎనిమిది మంది, గొరిల్లాల దగ్గర ఒక్క గంట. జలుబు, దగ్గు ఉంటే వెళ్ళనివ్వరు, మన రోగాలు వాటికి అంటుకుంటాయి. ఆ వారం ఐస్‌క్రీములూ గట్రా మానెయ్యి! అక్కడ మొదటగా మనుషులకి అలవాటు చేసింది ముబారే అనే గొరిల్లాల గుంపుని. 1993 నుంచి జనం చూస్తున్నారు.

బ్యాగు మోయడానికి పోర్టర్ని పెట్టుకో. "నేను ఫిట్‌గానే ఉన్నాను పెద్దమ్మా" అని నువ్వంటావని తెలుసు. ఫిట్‌నెస్ కోసం కాదే. గొరిల్లాలు బతికుంటే వాళ్ళింట్లో పొయ్యి వెలుగుతుందని ఆ కుర్రాళ్ళకి కనబడేది ఆ కూలి డబ్బుల్లోనే. పైగా బురద కొండ మీద చెయ్యందించేది వాడే. రేటు ముందే అడుగు.

రెండో రోజు ఊరి నడకకి వెళ్ళండి. అరటిపళ్ళని గడ్డితో కలిపి కాళ్ళతో తొక్కి రసం తీసి, జొన్నపిండి కలిపి పులియబెడతారు. ఒక గుక్క మాత్రమే. ఎదురుపడ్డవాళ్ళు "అగాండి" అంటే "నిమరుంగి" అను. "వెబరే" అంటే థాంక్స్. ఈ మూడు మాటలకే మొహాలు విప్పారతాయి.

ఆ నడకలో బట్వాల ఆటపాటలు చూపిస్తారు. అడవిలో తరతరాలుగా బతికినవాళ్ళు. 1991లో నేషనల్ పార్కు చేసినప్పుడు బయటికి పంపేశారు, ఇప్పుడు టూరిస్టుల ముందు ఎగురుతున్నారు. నాకైతే చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు. చూడొద్దనను, అదీ వాళ్ళ సంపాదనే. ఆ డబ్బులో వాళ్ళ చేతికి ఎంత వస్తుందో గైడుని అడుగు, సిగ్గుపడకు. ఫొటో తీసేముందు కూడా అడుగు. పిల్లలకి చాక్లెట్లు పంచకు, బడికి ఏం కావాలో క్యాంపు ఆఫీసులో కనుక్కో.

డాలర్లు కొత్తవి, మడతల్లేనివి పట్టుకెళ్ళు, పాతవి తీసుకోరు. మూడు చపటా పిన్నుల ప్లగ్ అడాప్టర్ కూడా.

వచ్చేటప్పుడు ఆ క్రాఫ్టు షాపులో మూతున్న బుట్ట ఒకటి తీసుకురా, నా ఊలు దారాలకి. పాతదాని అడుగు ఊడిపోయింది. బేరమాడకు, డబ్బులు నేనిస్తాను.

మీ పెద్దమ్మ