అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించినా లోపలి అంచే అరుగుతోంది

ప్రశ్న: మాది సత్తుపల్లి. ఏడేళ్ల పాత చిన్న పెట్రోలు కారు ఉంది. మొన్న వానల్లో ఓ రాత్రి ఎడమ ముందు చక్రం గుంతలో గట్టిగా పడింది. అప్పటి నుంచి బండి ఎడమకి లాగుతోంది, బ్రేకు వేస్తే ఇంకా ఎక్కువ. రెండుసార్లు కంప్యూటర్ అలైన్‌మెంట్ (చక్రాల దిశ, వాలు కొలిచి సరిచేయడం) చేయించాను. వారం బాగుంటుంది, మళ్లీ మామూలే. ఆ టైరు బయటి నుంచి చూస్తే కొత్తదే అనిపిస్తుంది, లోపలి అంచున మాత్రం తీగలు తేలాయి. కొత్త టైర్లు వేయించి, మూడోసారి అలైన్‌మెంట్ చేయిస్తే సరిపోతుందా?

జవాబు: ముందు ఆ టైరు విప్పించి స్టెప్నీ వేసుకోండి. తీగలు తేలిన టైరు ఎండకి, వేగానికి ఎప్పుడు పగులుతుందో చెప్పలేం. ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని దాంతో ఖమ్మం దాకా కూడా వెళ్లకండి.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా చక్రాల దగ్గర కూర్చుని పని చేస్తున్నాను. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట ‘బ్రేకు వేస్తే ఇంకా ఎక్కువ’. నా అనుమానం లోయర్ ఆర్మ్ బుష్ మీద. చక్రాన్ని బండి అడుగుకి కలిపి పట్టుకునే ఇనుప చెయ్యి లోయర్ ఆర్మ్. అది బండికి తగిలే చోట రబ్బరు బుష్ ఉంటుంది. గుంత దెబ్బకి ఆ రబ్బరు చిరిగిందనుకోండి. బండి అలైన్‌మెంట్ మిషన్ మీద కదలకుండా ఉన్నప్పుడు అంకెలన్నీ ఆకుపచ్చలోనే, అంటే సరిగ్గా ఉన్నట్టే వస్తాయి. రోడ్డెక్కి బ్రేకు తొక్కగానే ఆర్మ్ వెనక్కి జరిగి చక్రం ముఖం పక్కకి తిరుగుతుంది. మీకు వారంలో మళ్లీ మొదటికి రావడానికి ఇదే కారణం కావచ్చు.

పాదాలు పక్కకి వేసి నడిచేవాళ్ల చెప్పులు ఒక పక్కే అరుగుతాయి కదా, టైరు కూడా అంతే. చక్రాల ముఖాలు బయటికి తిరిగి ఉంటే టైరు దొర్లుతూనే రోడ్డుని గీరుకుంటూ పోతుంది. దీన్నే టో తప్పడం అంటాం. చక్రం పైభాగం లోపలికి వాలితే అది క్యాంబర్. రెండింటికీ లోపలి అంచే పోతుంది కాబట్టి కంటితో తేల్చడం కష్టం. అరచేయి టైరు మీద అడ్డంగా పెట్టి, లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి రాయండి. తీగలు తేలిన చోట మాత్రం చెయ్యి పెట్టకండి, గుచ్చుకుంటాయి. ఒక దిశలో రాస్తే నున్నగా జారి, రెండో దిశలో రంపం పళ్లలా తగిలితే టో. రెండు దిశల్లోనూ నున్నగానే ఉండి అంచు ఏటవాలుగా దిగిపోతే క్యాంబర్.

చాలా చిన్న కార్లలో ముందు చక్రాలకి మిషన్ మీద సరిచేయగలిగేది టో ఒక్కటే. క్యాంబర్ తప్పిందంటే చాలాసార్లు ఆర్మో, స్ట్రటో (స్ప్రింగుతో కలిసి ఉండే షాక్ అబ్జార్బర్), నకిల్ అనే చక్రం బిగించే ఇనుప భాగమో వంగి ఉంటుంది, మార్చాల్సిందే. అందుకే మిషన్ ఇచ్చే అంకెల ప్రింట్ అడిగి తీసుకోండి, పనికి ముందుదీ తర్వాతదీ. ఎడమ, కుడి క్యాంబర్ అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎడమది తేడాగా ఉంటే మీ గుంత గుర్తు అక్కడే దొరికినట్టు.

చాలా ఏళ్ల కిందట ఓ టాక్సీ డ్రైవరు తొందరపెడితే కింద చూడకుండానే టో సరిచేసి పంపించాను. నెల తిరక్కుండానే కొత్త టైరు లోపలి అంచు నున్నగా అరిగి తిరిగొచ్చాడు. స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని తిప్పే టై రాడ్ చివరి జాయింట్ (టై రాడ్ ఎండ్) లూజుగా ఉంది. ఆ టైరు డబ్బు అతనికి ఎన్ని ట్రిప్పుల సంపాదనో నాకు తెలుసు. అప్పటి నుంచి జాకీ ఎత్తకుండా ఏ బండికీ అలైన్‌మెంట్ చేయలేదు.

మీరూ అదే అడగండి. జాకీ ఎత్తి, చక్రాన్ని గడియారంలో 9, 3 ఉండే చోట పట్టుకుని ఊపితే టై రాడ్ ఆట (లూజు) తెలుస్తుంది. 12, 6 దగ్గర ఊపితే బాల్ జాయింట్ (ఆర్మ్‌ని చక్రానికి కలిపే జాయింట్), చక్రం బేరింగ్ ఆట తెలుస్తుంది. బుష్ మాత్రం చేత్తో తెలియదు, రాడ్ పెట్టి ఎత్తి చూడాలి. పది కిలోమీటర్లు నడిపి ఆపాక ఎడమ చక్రం డిస్క్ కుడిదానికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తోందని అర్థం, అదీ బండిని లాగుతుంది. డిస్క్‌ని ముట్టుకోకండి, చెయ్యి దగ్గరగా పెడితే చాలు.

అరిగిన భాగాలు మార్చాకే టైర్లు. ఒక్కటి కాదు, జత కొనండి. మీ వెనక టైర్లు బాగుంటే వాటిని ముందుకి తెచ్చి కొత్తవి వెనక వేయించండి. వానలో వెనక చక్రాలు జారితే స్టీరింగ్‌తో ఆపడం చాలా కష్టం. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరు మీద రాసినంత గాలి, చల్లటి టైరులో పట్టించి, చివర్న అలైన్‌మెంట్ చేయించండి.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, కూర్చుని లోపలి అంచు చూడండి, అరచేయి రాయండి. మళ్లీ రంపంలా తగిలితే ఆ రెండు ప్రింట్లూ జతచేసి నాకు రాయండి.