గీత పోకుండా మెరుపు రాదు

(నెల్లూరు ఆటోనగర్‌లో బఫింగ్ (తిరిగే గుడ్డ చక్రంతో లోహానికి మెరుపు తెచ్చే పని) షెడ్డు నడిపే మేస్త్రీ గారు పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు)

ప్రశ్న: మేస్త్రీ గారూ, నా దగ్గర పాత పెట్రోలు కారు ఉంది. ఇంజిన్ పైమూత టాపిట్ కవరు, ఇంజిన్‌లోకి గాలి పంపే గొట్టాల ముక్క ఇన్‌టేక్ మానిఫోల్డ్ రెండూ అల్యూమినియం పోతవి. వాటిని అద్దంలా చేద్దామని ఆదివారాలు ఎమరీ పేపరు పట్టుకుని కూర్చుంటున్నాను. బఫింగ్ పెట్టగానే లోపలి గీతలన్నీ బయటపడుతున్నాయి, మళ్లీ మొదటికొస్తోంది. త్వరగా అయ్యే దారి ఏదైనా ఉందా?
– కావలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు నేనొకటి అడుగుతాను. మానిఫోల్డ్ మొత్తం మెరవాలా? బానెట్ ఎత్తితే కనబడేది పైభాగం ఒక్కటే. అడుగు వైపు, గొట్టాల మధ్య సందులు, బోల్టు గుంతలు ఎవరు చూస్తారు? మా షెడ్డులో పని నేర్చుకునే పిల్లలు గంటలకు గంటలు తగలేసేది ఆ సందుల్లోనే. అక్కడ ఇత్తడి బ్రష్షుతో మురికి తీసి, వేడికి ఆగే రంగు కొట్టి వదిలేయండి. ఇనప తీగల బ్రష్షు వద్దు, దాని ముక్కలు అల్యూమినియంలో ఇరుక్కుని తర్వాత తుప్పు మచ్చలు పడతాయి. టాపిట్ కవరు మీద పైకి లేచిన అక్షరాలు, గట్లు మెరిపించి పల్లాలు నల్లగా ఉంచితే, నన్నడిగితే, అంతా మెరిసిన కవరు కన్నా అదే బాగుంటుంది. పనీ సగానికి దిగుతుంది.

ఇక గీతల సంగతి. లోతు గీతను తీసే శక్తి బఫింగ్ చక్రానికి లేదు. చుట్టూ మెరుపు తెచ్చేసరికి గీత ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కాబట్టి పనంతా పేపరు దగ్గరే తేలిపోవాలి.

పేపరు నంబరు ఎంత చిన్నదైతే అంత గరుకు. ఏ నంబరుతో మొదలుపెట్టాలన్నది ముక్కను బట్టి ఉంటుంది. ఇసుక అచ్చులో పోసిన మానిఫోల్డ్ మీద ఇసుక రేణువుల గరుకు అలాగే ఉండిపోతుంది, దానికి 80 పెట్టాల్సిందే. డై కాస్టింగ్ కవరు, అంటే లోహపు అచ్చులో ఒత్తిడితో పోసింది, అచ్చులోంచే నునుపుగా వస్తుంది. దానికి 180 చాలు, ఒక్కోసారి 240తోనే మొదలెట్టొచ్చు. అనవసరంగా 60 పెట్టారంటే మీరు గీసిన గీతలు మీరే తీసుకోవాలి. ఇంకో చిక్కుంది. డై కాస్టింగ్ ముక్కకు పైపొర మాత్రమే గట్టి, కింద సన్న గాలిబుడగలుంటాయి. పొర తినేదాకా రుద్దితే స్ఫోటకం మచ్చల్లా గుంతలు తేలుతాయి. అవి పోవాలని ఇంకా రుద్దితే కొత్తవి తేలుతాయి. అక్కడ ఆగిపోవడం తప్ప మార్గం లేదు.

80, 120, 180, 240, 320, 400, 600. ఈ వరసలో ఒకటి రెండు ఎగ్గొడితే టైము కలిసొస్తుందని అందరికీ ఆశే. 80 గీతను 320తో తీయబోతే పట్టే టైములో మధ్య నంబర్లన్నీ అయిపోతాయి. 80 నిలువుగా రుద్దితే 120 అడ్డంగా రుద్దండి. నిలువు గీత ఒక్కటి కూడా మిగల్లేదని తేలాకే 180 చేతిలోకి తీసుకుని మళ్లీ నిలువుగా. ట్యూబ్‌లైటు వెలుగు పక్కనుంచి పడేలా ముక్కను తిప్పి చూస్తే దాక్కున్న గీత దొరుకుతుంది. అనుమానంగా ఉంటే మార్కర్ పెన్నుతో పైనంతా పూసి రుద్దండి, పల్లంలో ఉన్నచోట సిరా పోకుండా నిలుస్తుంది. నంబరు మార్చే ముందు ముక్కనూ, చేతులనూ కడుక్కోవాలి. 80 రేణువు ఒక్కటి 400 కింద చేరిందంటే మీ శ్రమంతా గోవిందా.

అల్యూమినియం మెత్తన, పేపరు పళ్లలో పేరుకుపోతుంది. పేరుకున్న పేపరు కోయడం మానేసి ముక్కను వేడెక్కించి కొత్త గీతలు పెడుతుంది. డ్రిల్లుకు పెట్టే ఫ్లాప్ వీల్‌కు (ఎమరీ రెక్కల చక్రానికి) మధ్యమధ్యలో కొవ్వొత్తి తగిలించండి. ఆకురాయికైతే సుద్దముక్క రాయండి. 320 దాటాక వాటర్ పేపరే వాడండి, నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసుకుంటే పేపరు మూడింతలు పని చేస్తుంది. చదునుగా ఉన్నచోట పేపరును చెక్కముక్కకు చుట్టి రుద్దాలి. వేళ్లతో రుద్దితే వేళ్ల కింద పల్లాలు పడతాయి. నాలుగంగుళాల గ్రైండరు జోలికి కొత్తవాళ్లు పోవద్దు. అది నిమిషానికి 10,000 చుట్లు దాటి తిరుగుతుంది, ఫ్లాప్ డిస్కు ఒకచోట రెప్పపాటు ఆగినా పల్లమే. పేపరు దశలో అది కనబడదు, మెరుపు వచ్చాక కనబడుతుంది.

600 అయ్యాక బఫింగ్ కష్టం కాదు. కుట్టు గుడ్డ చక్రానికి గోధుమరంగు లస్టర్ (మెరుపు తెచ్చే మందు కడ్డీ) పట్టించి ఒకసారి, వదులు గుడ్డ చక్రానికి తెల్ల లస్టర్‌తో ఇంకోసారి. రెంటికీ ఒకే చక్రం వాడకూడదు. ముక్కను చక్రం నడుముకు కాస్త కిందుగా ఆనించండి. అంచు చక్రానికి ఎదురుగా పెడితే లాగేసుకుని మొహాన కొడుతుంది, అందుకే చక్రం అంచు మీదుగా బయటికి జారేలా పట్టుకోవాలి. చేతికి గుడ్డ చుట్టుకోవద్దు. ఇంత చేసినా పోత అల్యూమినియం స్టీలు గ్లాసులా తెల్లగా రాదు. డై కాస్టింగ్‌కు ఎక్కువగా వాడే ఏడీసీ12 మిశ్రమంలో సిలికాన్ 9.6 నుంచి 12 శాతం దాకా ఉంటుంది, ఆ బూడిద ఛాయ దానిదే. మీ చేతి లోపం కాదు.

ప్యాకింగ్ (ఆయిలు కారకుండా మధ్యలో పెట్టే గ్యాస్కెట్) కూర్చునే ముఖానికి మాత్రం పేపరు తగలనివ్వకండి. అక్కడ పల్లం పడితే ఆయిలు కారుతుంది. పేపరు రేణువు ఆయిల్లో కలిస్తే బేరింగులు పోతాయి. కవరు లోపలి రేకు ఊడదీసి, సబ్బు నీళ్లతో కడిగి, గాలి కొట్టాకే బిగించండి.

ప్రశ్న: కాస్టిక్ సోడా నీళ్లలో రాత్రంతా నానబెడితే జిడ్డంతా పోతుందని చెప్పారు. చేయొచ్చా?
– ఒంగోలు పాఠకుడు

జవాబు: జిడ్డుతో పాటు అల్యూమినియం కూడా పోతుంది. కాస్టిక్ దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది. మూసిన గదిలో ఆ గ్యాస్‌కు నిప్పు తగిలితే ప్రమాదం. మిగిలిన ముక్క నల్లగా మసిబారుతుంది. డీజిలుతో తుడిచి, వేడినీళ్లు సబ్బుతో కడిగితే సరిపోతుంది.

ప్రశ్న: నేను చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ చేస్తాను. మా పాలిషింగ్ ప్యాడ్లతో కారు అలాయ్ వీల్స్ మెరిపించొచ్చా?

జవాబు: గెలాక్సీ రాయిని మెరిపించే మనిషికి నంబర్ల వరస గురించి నేను చెప్పేదేముంది! ఓపిక మీకుంది, ప్యాడ్లు మాత్రం పనికిరావు. అవి గట్టి రాయి కోసం చేసిన వజ్రపు ప్యాడ్లు, మెత్తని లోహం మీద పెడితే పూడుకుపోతాయి. వాటిలో మిగిలిన రాతిపొడి వీలు మీద గీతలు పెడుతుంది. వీలుకు పైన క్లియర్ కోటు (రంగులేని పారదర్శక పూత) ఉందో లేదో కూడా చూసుకోండి. ఒక మూల తెల్ల లస్టర్‌తో గుడ్డ రుద్దండి, గుడ్డ నల్లబడితే కింద వట్టి లోహమే. నల్లబడకపోతే కోటు ఉన్నట్టు, పెయింట్ రిమూవర్‌తో తీశాకే పేపరు. టైరు అంచు కూర్చునే చోట రుద్దొద్దు, గాలి నిలవదు. పగులు కనబడిన వీలును మెరిపించి అమ్మేవాళ్లున్నారు, ఆ పాపం మీకొద్దు.

ప్రశ్న: మాది మైపాడు బీచి దగ్గర. పాలిష్ చేయించిన ముక్కలు కొద్ది రోజులకే మసకబారుతున్నాయి. పైన ఏం పూయాలి?

జవాబు: ఉప్పుగాలికి వట్టి అల్యూమినియం నిలవదు, తెల్ల పొడి కడుతుంది. వీల్స్‌కు పాలిష్ అయిన రోజే జిడ్డు తుడిచి క్లియర్ లాకర్ కొట్టించండి. ఇంజిన్ ముక్కలకు మామూలు లాకర్ వద్దు, వేడికి పసుపెక్కి పెచ్చులూడుతుంది. వాటికి మైనం పాలిష్ పూస్తూ ఉండాల్సిందే. బీచి రోడ్డు మీద తిరిగొచ్చిన రోజు మంచినీళ్లతో వీల్స్ కడగండి. నాలుగు నెలలకోసారి చేయించే పాలిష్ ఏడాదికోసారికి వస్తుంది.

ప్రశ్న: ఐటీఐ ఫిట్టర్ చదువుతున్నా మేస్త్రీ గారూ. ఇంటి వెనక రేకుల షెడ్డులో బఫింగ్ పెట్టుకుందామని ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– గూడూరు కుర్రాడు

జవాబు: మోటారు తర్వాత కొందువు గానీ నాయనా, ముందు దుమ్ము గురించి ఆలోచించు. అల్యూమినియం సన్న పొడి గాలిలో లేస్తే ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. ఇనుముకు వాడిన గ్రైండరు మీద అల్యూమినియం రుద్దకు. తుప్పు పొడి, అల్యూమినియం పొడి కలిసినచోట రవ్వ పడితే రైలు పట్టాలు అతికించే మంట పుడుతుంది. రెంటికీ వేరు వేరు మిషన్లు పెట్టుకో. పొడిని రోజూ మెత్తని బ్రష్షుతో ఊడ్చి ఎత్తెయ్, గాలి గొట్టంతో ఊదకు. ఖర్చీఫు కట్టుకుంటే చాలదు, మాస్కు కొను.

తేలిగ్గా అనిపించిన పోత ముక్క వస్తే గీకినచోట ఒక చుక్క వెనిగర్ వెయ్. బుసబుసా పొంగితే అది మెగ్నీషియం, తీసుకోకుండా పంపించెయ్. గుమ్మం దగ్గర రెండు బకెట్ల పొడి ఇసుక ఎప్పుడూ ఉంచు. లోహపు పొడి అంటుకుంటే ఇసుకే మెల్లగా కప్పాలి, నీళ్లు మాత్రం పొయ్యకు.