ఐదు నెలలైనా వదలని నడుము నొప్పి.. ఆపరేషనే దిక్కా?

ప్రశ్న: నా వయసు 47. ఉండి దగ్గర రొయ్యల చెరువుల మీద పని చేస్తాను. సంక్రాంతి వెళ్లాక ఒకరోజు ఫీడ్ బస్తా దించుతుంటే నడుము పట్టేసింది. ఐదు నెలలైనా పూర్తిగా తగ్గలేదు. నొప్పి నడుములోనే ఉంది. కాళ్లలోకి లాగడం, తిమ్మిర్లు లేవు. ఎమ్మారైలో ‘ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్’ అని రాశారు. ఆపరేషన్ తప్పదని తెలిసినవాళ్లు అంటున్నారు. పగలంతా బెల్టు పెట్టుకుంటున్నాను, రాత్రి నేల మీద చాపేసుకుని పడుకుంటున్నాను. పనికి వెళ్లడం మానేశాను. ఇంట్లోనే తగ్గించుకునే దారి ఉందా?
- ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీరు రాసినదాంట్లో నేను ముందు చూసింది ‘కాళ్లలోకి లాగడం లేదు’ అన్న మాట. డిస్క్ ఆపరేషన్ ప్రధానంగా నరం నొక్కుకుపోయి కాలు లాగేస్తున్నవాళ్లకి, కాలిలో బలం తగ్గిపోతున్నవాళ్లకి. ఒట్టి నడుము నొప్పికి దానివల్ల ఒరిగేది తక్కువ. కాబట్టి ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

డిస్క్ బల్జ్ అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ కాస్త బయటికి ఉబ్బడం. చాలామందిలో ఇది వయసుతో తల నెరవడం లాంటిదే. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్లన్నీ కలిపి 2015లో లెక్క చూస్తే, 50 ఏళ్లవాళ్లలో దాదాపు 60 శాతం మందికి బల్జ్ కనిపించింది. వాళ్లంతా హాయిగా పనులు చేసుకుంటున్నవాళ్లే. ఆ రిపోర్టు రోజూ తీసి చదువుకోకండి.

మరి నొప్పి ఎందుకు పోలేదు? బస్తా దించినప్పుడు పట్టేసిన కండరం ఈపాటికి మానిపోయే ఉంటుంది. కానీ మూడు నెలలు దాటిన నొప్పిలో నరాలు చిన్న కదలికకే గట్టిగా స్పందించడం అలవాటు చేసుకుంటాయి. మీది ఉత్త భ్రమ అనడం లేదు, నొప్పి నిజమే. దానికి తోడు మీరు కదలడం మానేశారు. కదలని నడుములో కండరాలు నీరసించిపోతాయి, కాస్త వంగినా పట్టేస్తుంది, భయం వేసి మళ్లీ మంచమెక్కుతారు. దీన్ని తెంచాలి.

ముందు బెల్టు తీసేయండి. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా దీర్ఘకాలపు నడుము నొప్పికి బెల్టులు వద్దనే చెప్పాయి. ఒక్కసారిగా వదల్లేకపోతే రోజుకో గంట చొప్పున తగ్గించండి. చాప కూడా చుట్టేయండి. మరీ గట్టి పరుపు కన్నా మధ్యస్తంగా గట్టిగా ఉండే పరుపు మీదే నొప్పి బాగా తగ్గిందని 2003లో స్పెయిన్‌లో జరిగిన పరిశోధనలో తేలింది. నేల మీద పడుకుంటేనే నడుము బాగుపడుతుందన్న మాట మన దగ్గర ఎక్కడ పుట్టిందో గానీ, ప్రతి పేషెంటూ అదే చెబుతాడు.

ఇక నడక. ఎండెక్కకముందే కాలవగట్టు మీద పది నిమిషాలతో మొదలుపెట్టండి. వారానికి ఐదు నిమిషాలు పెంచుకుంటూ అరగంటకు తీసుకెళ్లండి, వారంలో ఐదు రోజులు. నడుము నొప్పి తగ్గినవాళ్ల మీద ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధన 2024లో వచ్చింది. అందులో నడవనివాళ్లకు సుమారు 112 రోజులకు నొప్పి తిరగబెడితే, క్రమంగా నడక పెంచినవాళ్లకు 208 రోజులు పట్టింది. మందు బిళ్ల ఏదైనా ఇంత పని చేస్తే దాని ధర ఎంతుండేదో!

నడకతో పాటు ఈ వ్యాయామం కూడా చేయండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. పిరుదులు బిగించి నడుమును మెల్లగా పైకి లేపండి. భుజాల నుంచి మోకాళ్ల దాకా ఒకే వాలులో రావాలి. ఊపిరి బిగపట్టకుండా ఐదు అంకెలు లెక్కపెట్టి దించండి. మొదట ఎనిమిదిసార్లు చాలు. చేసేటప్పుడు కాస్త నొప్పి పెరిగినా, మర్నాటి పొద్దుటికి మామూలుగా ఉంటే కొనసాగించవచ్చు. మర్నాడు కూడా పట్టేసి ఉంటే సగానికి తగ్గించండి, మానేయకండి.

వేడినీళ్ల సంచి తువ్వాలులో చుట్టి 15-20 నిమిషాలు పెట్టుకుంటే బిగిసిన కండరం వదులవుతుంది. ఇంట్లో వాళ్లు నూనె రాస్తామంటే రాయించుకోండి. హాయిగా ఉంటుంది, అంతకుమించి ఆశించవద్దు. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు మాత్రం ఎవరికివాళ్లు కొనుక్కుని నెలల తరబడి మింగేవి కావు. కిడ్నీలు, కడుపు రెండూ దెబ్బతింటాయి. ఏముందో తెలియని పొట్లం మాత్రల జోలికి అసలే వెళ్లకండి, వాటిలో స్టెరాయిడ్ ఉండవచ్చు.

పనికి మెల్లగా తిరిగి వెళ్లండి. 25 కేజీల బస్తాను చేతులు చాచి లాగితే ఆ భారం నడుము మీద ఎన్నో రెట్లు పడుతుంది. బండి మీది బస్తాను ముందు ఒంటికి ఆనేలా దగ్గరికి లాక్కోండి. తర్వాత నడుము మెలితిప్పకుండా పాదాలతోనే తిరిగి, మోకాళ్లు వంచి దించండి. మొదటి నెలంతా బస్తా విప్పి బకెట్లలో కొంచెం కొంచెం మోసుకోండి. గట్టు మీద కుర్రాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఈ ఇంటి వైద్యం ఆపేయాలి. మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, తొడల మధ్య మొద్దుబారడం, పాదం ఈడ్చుకుపోవడం.. వీటిలో ఏది వచ్చినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే వెన్నెముక క్షయ లాంటివి లేవని పరీక్ష చేయించుకోవాలి. మనకు క్షయ ఇంకా ఉంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోలేం.

ఆరు వారాలు ఇలా చేసినా మార్పు లేకపోతే భీమవరంలో ఫిజియోథెరపిస్టును కలవండి. మీ పనికి తగ్గ వ్యాయామాలు నేర్పమని అడగండి. నడుముకు బరువులు కట్టి లాగి, కాసేపు కరెంటు పెట్టి పంపించేసే చోటైతే ఇంకోచోటు చూసుకోండి.